మిఠాయి కొట్టు అపరాధ పరిశోధకులు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో లేక్ ఈడెన్ అనే ఊరు ఉంటుంది. పటంలో వెతికితే దొరకదు, అది జోఆన్ ఫ్లూక్ అనే రచయిత్రి కల్పించిన ఊరు. 2000లో వచ్చిన ‘చాక్లెట్ చిప్ కుకీ మర్డర్’ నవలలో ఆ ఊళ్లో బేకరీ నడిపే హానా స్వెన్సన్‌కు తన కొట్టు వెనక పాలబండి డ్రైవరు శవం కనిపిస్తుంది. చుట్టూ ఆమె చేతి బిస్కెట్లే చెల్లాచెదురుగా పడి ఉంటాయి. అక్కడి నుంచి పిండి కలుపుతూ, గిరాకీలతో మాట్లాడుతూ, ఊరి కబుర్లు వింటూ ఆమే హంతకుణ్ణి పట్టిస్తుంది. రక్తపాతం తెర వెనకే ఉండిపోయి, చిన్న ఊరు, పరిచయస్తులు, తీపి వాసన తెర ముందుండే ఈ తరహా నవలల్ని ఇంగ్లీషు పాఠకులు ‘కోజీ మిస్టరీ’లంటారు. వీటిని అభిమానించేవాళ్లు 1989 నుంచి ఏటా ‘మాలిస్ డొమెస్టిక్’ పేరుతో సభ జరుపుకుంటున్నారు. అక్కడిచ్చే అగాథా అవార్డు ఒక టీపాట్. వీటి మీద తరచుగా వినిపించే ఆక్షేపణ ఒక్కటే: మిఠాయిలు చేసుకునే మనిషి హత్యకేసు ఛేదించడమేమిటి, పోలీసులు ఏం చేస్తున్నట్టు? కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌నూ అసిస్టెంటు రాజునూ చదువుతూ పెరిగిన తెలుగు పాఠకులకు ఈ సందేహం ఇంకా ఎక్కువ కలగాలి. మనకు డిటెక్టివ్ అంటే అదే వృత్తిగా బతికేవాడు. అయినా ఈ ఆక్షేపణ చరిత్ర ముందు నిలవదని నా వాదన. పోలీసు కాని మనిషి మిఠాయిలోని నేరాన్ని బయటపెట్టడం నవలాకారులు సౌకర్యం కోసం పుట్టించిన ఊహ కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో అది నిజంగా జరిగింది, అదీ ఒకసారి కాదు.

ఆ శతాబ్దంలో మిఠాయి తయారీ చేతులు మారింది. ఇంట్లోనో తెలిసిన దుకాణంలోనో తయారైన తీపి, పట్టణాలు పెరిగేకొద్దీ ఎవరో ఎక్కడో తయారు చేసి బస్తాల్లో పంపే సరుకైంది. కొనేవాడికి చేసినవాడు తెలియదు, అమ్మేవాడికి కూడా అందులో ఏం కలిసిందో తెలియదు. ఈ చీకటిలోకి మొదట దీపం పట్టింది లండన్‌లో స్థిరపడిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఆకమ్. 1820లో ఆయన ఆహారంలో కల్తీ గురించి రాసిన పుస్తకం వేడివేడిగా అమ్ముడుపోయింది. రొట్టె, సారాయి, ఊరగాయలతో పాటు పిల్లలు తినే రంగు మిఠాయిల్లో సీసం, రాగి ఉన్నాయని ఆయన రాశాడు. కల్తీ చేసి దొరికిపోయిన వ్యాపారుల పేర్లు కూడా అచ్చువేశాడు. పదేళ్ల తర్వాత ఐర్లండ్ నుంచి వచ్చిన కుర్ర వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ లండన్ కొట్లలో మిఠాయిలు కొని పరీక్షించాడు. ఫలితాలను ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించాడు. ఎర్ర బిళ్ళల్లో సీస సింధూరం, ఇంగిలీకం. పసుపు బిళ్ళల్లో సీసపు రంగు. ఆకుపచ్చ వాటిలో రాగి. బిళ్ళల్ని చుట్టిన రంగు కాగితాల్లోనూ విషమే. ఆ కాగితాల్ని పిల్లలు నాకుతారు కాబట్టి ఆయన వాటినీ వదల్లేదు. పోలీసు అధికారం లేదు, కోర్టు ఉత్తర్వు లేదు. జేబులో నాలుగు నాణేలు, బల్ల మీద నాలుగు సీసాలు. ఈ ఓషానెస్సీయే 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా చేరి, 1850లలో మన దేశంలో తొలి టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. చరిత్ర పుస్తకాల్లో ఆయన్ని మనం టెలిగ్రాఫ్ మనిషిగానే ఎరుగుదుం. మిఠాయి కొట్ల మీద చేసిన పరిశోధన అంతకు ముందటి కథ.

1850ల మొదట్లో ఆ పనిని ఆర్థర్ హిల్ హసల్ అనే వైద్యుడు అందుకున్నాడు. ‘లాన్సెట్’ సంపాదకుడు థామస్ వాక్లీ అండగా నిలబడ్డాడు. హసల్ చేతిలోని కొత్త ఆయుధం సూక్ష్మదర్శిని. రసాయనాలకు అందని కల్తీని, కాఫీలో చికోరీ పొడినీ మసాలాల్లో చెక్కపొడినీ, అది కంటికి చూపించింది. ఆయన నివేదికల్లోనూ అమ్మినవాడి పేరు, వీధి పేరు ఉండేవి. దావాలకు వెరవకుండా వాక్లీ వాటిని అచ్చువేశాడు. పార్లమెంటులో విచారణ సంఘం కూర్చున్నా చట్టం మాత్రం రాలేదు. ‘వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు, కొనేవాడే కళ్లు తెరుచుకుని కొనాలి’ అన్న వాదం బలంగా ఉండేది. సూక్ష్మదర్శిని లేనివాడు కళ్లు ఎంత తెరిస్తే మాత్రం ఏం లాభం? ఆ వాదాన్ని కూలగొట్టింది శాస్త్రం కాదు, ఉత్తర ఇంగ్లండులోని ఒక సంతలో ఒక శనివారం సాయంత్రం.

1858 అక్టోబరు 30. ఉన్ని మిల్లుల పట్టణమైన బ్రాడ్‌ఫర్డ్ సంతలో విలియం హార్డేకర్ అనే చిల్లర వ్యాపారి పిప్పరమెంటు బిళ్ళలు అమ్ముతున్నాడు. ఊళ్లో అందరూ ‘హంబగ్ బిల్లీ’ అనేవారు. ఆయనకు సరుకిచ్చేది జోసెఫ్ నీల్. ఆ రోజుల్లో చక్కెర ఖరీదు, కొనేవాళ్లు మిల్లు కూలీలు. బరువు నిలబెట్టి ధర తగ్గించాలంటే చక్కెరలో జిప్సం లాంటి తెల్లపొడి కలపడం రివాజు. వృత్తిలో దాన్ని ‘డాఫ్ట్’ అనేవారు. నీల్ ఇంట్లో అద్దెకుండే మనిషి ఆ పొడి కోసం షిప్లీ దగ్గర చార్లెస్ హాడ్జ్‌సన్ మందుల షాపుకి వెళ్లాడు. హాడ్జ్‌సన్ జబ్బుతో ఉన్నాడు. కొట్టులో ఉన్నది పనిలో కొత్త కుర్రాడు విలియం గొడార్డ్. అటక మీద ఫలానా మూల పీపాలో ఉందని యజమాని చెప్పాడు. కుర్రాడు పక్క పీపాలోంచి పన్నెండు పౌన్ల పొడి తూచి ఇచ్చాడు. అది తెల్ల పాషాణం. రంగులో, పొడిలో తేడా కంటికి ఆనదు. బిళ్ళలు చేసింది జేమ్స్ ఆపిల్‌టన్ అనే పనివాడు. పాకం పడుతుండగానే అతనికి ఒంట్లో బాగోలేదు. అయినా నలభై పౌన్ల బిళ్ళలు తయారయ్యాయి. బిళ్ళలు మామూలు తీరుగా లేవని హార్డేకర్ గమనించాడు, అందుకని ధర కొంత తగ్గించుకుని తీసుకున్నాడు. ఒకటి తనే నోట్లో వేసుకుని జబ్బుపడ్డాడు. ఆ రాత్రి మాత్రం అమ్మకం ఆగలేదు, సుమారు ఐదు పౌన్లు జనం ఇళ్లకు చేరాయి.

ఆదివారం తెల్లవారేసరికి పిల్లల చావుకబుర్లు. మొదట అందరూ కలరా అనుకున్నారు, ఆ కాలపు మురికివాడల్లో అది సహజమైన అనుమానమే. జాన్ బెల్ అనే వైద్యుడు కారణం పాషాణమని గుర్తించాడు, ఫెలిక్స్ రిమింగ్టన్ అనే మందుల షాపు యజమాని బిళ్ళల్ని పరీక్షించి ఖాయం చేశాడు. ఇంటింటి నుంచి కబురు కూడబలుక్కుంటే దారి సంత మీది బండికి చేరింది, అక్కడి నుంచి నీల్‌కి, అతని నుంచి హాడ్జ్‌సన్ అటకకి. మిగిలిన బిళ్ళలు ఎవరూ తినకుండా వీధుల్లో గంట కొట్టి చాటింపు వేయించారు. ఇరవై మంది దాకా చనిపోయారు, రెండు వందలకు పైగా జబ్బుపడ్డారు. ఒక్కో బిళ్ళలో ఉన్న పాషాణం ఇద్దరిని చంపడానికి చాలు. గొడార్డ్, హాడ్జ్‌సన్, నీల్ ముగ్గురి మీదా కేసు పెట్టారు. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. చంపాలన్న తలంపు ఎవరికీ లేదు మరి. అప్పటికే పాషాణం అమ్మకాలను పుస్తకంలో రాయాలని 1851 నాటి చట్టం ఉంది. తాము అమ్ముతున్నది పాషాణమని తెలియనివాళ్లకు ఆ చట్టం అడ్డుపడలేకపోయింది. ఈ దుర్ఘటన తర్వాతే 1860లో కల్తీ నిరోధక చట్టం, 1868లో ఫార్మసీ చట్టం, 1875లో ఆహార ఔషధ విక్రయ చట్టం వచ్చాయి. మొదటిది బలహీనం, పరీక్షకుణ్ణి నియమించాలా వద్దా అన్నది స్థానిక సంస్థల ఇష్టానికే వదిలేసింది. రెండోది మాత్రం గట్టిది. ఘాటైన విషాలు కొనేవాడి పేరు, కారణం, సంతకం ఉండాలి. షాపువాడికి తెలియని మనిషైతే తెలిసినవాళ్లు వెంట వచ్చి సాక్ష్యం చెప్పాలి.

ఇక్కడ ఎవరైనా ఒక అడ్డు చెప్పవచ్చు. ‘కల్తీ పట్టుకోవడం వేరు, హంతకుణ్ణి పట్టుకోవడం వేరు. మొదటిది ప్రయోగశాలలో పని, రెండోది పోలీసుల పని’ అని. బ్రైటన్ కేసు ఈ అడ్డుకు జవాబిస్తుంది, కాస్త బలం కూడా ఇస్తుంది. 1871 జూన్‌లో ఆ సముద్రతీరపు ఊరికి సెలవులకొచ్చిన కుటుంబంలో నాలుగేళ్ల సిడ్నీ బార్కర్ చాక్లెట్ క్రీములు తిని చనిపోయాడు. అవి జాన్ మేనర్డ్ కొట్టులోవి. లోపల స్ట్రిక్నిన్, మన తూర్పు కనుమల అడవుల్లో పెరిగే ముసిడి చెట్టు గింజల్లో ఉండే విషం. శవ విచారణలో సాక్ష్యం చెప్పడానికి స్వయంగా వచ్చిన స్త్రీ క్రిస్టియానా ఎడ్మండ్స్. ఆ కొట్టు చాక్లెట్లు తిని తానూ జబ్బుపడ్డానని చెప్పింది. ప్రమాదమని తీర్పు వచ్చింది. నిజానికి ఆ విషం కలిపింది ఆమే. వీధి పిల్లలతో చాక్లెట్లు కొనిపించి, ముసిడి విషం పెట్టి, ఏదో వంకతో తిరిగి కొట్టుకి పంపేది. కొట్టువాడు వాటిని మళ్లీ డబ్బాలో వేసేవాడు. అంతకు ముందు ఏడాది ఆమె డాక్టర్ చార్లెస్ బియర్డ్ భార్యకు స్వయంగా ఒక చాక్లెట్ తినిపించింది, ఆవిడ రుచి చూసి ఉమ్మేసింది. డాక్టరు మీద క్రిస్టియానాకు ఇష్టం, ఆయనకు ఆమె మీద అనుమానం. అనుమానమంతా మేనర్డ్ మీదికి మళ్లితే తన మీద పడదని లెక్క వేసుకుంది. చనిపోయిన పిల్లవాడి తండ్రికి కొట్టువాడి మీద చర్య తీసుకోమని ఆకాశరామన్న ఉత్తరాలు కూడా రాసింది.

ఆగస్టులో ఆమె పట్టుబడింది, 1872 జనవరిలో లండన్‌లో విచారణ జరిగింది. మరణశిక్ష పడి, తర్వాత మానసిక రోగిగా నిర్ణయించి బ్రాడ్‌మూర్ ఆస్పత్రికి పంపారు. 1907లో అక్కడే చనిపోయింది. ఆమెను అరెస్టు చేసింది పోలీసులే, దాన్ని దాచాల్సిన పని లేదు. అయితే వాళ్ల చేతికి అందిన ఆధారాలు ఎక్కడివి? ఐజాక్ గారెట్ అనే మందుల షాపు యజమాని విషాల పుస్తకం ఒకటి. పిల్లుల్ని చంపాలనే సాకుతో దొంగపేరు మీద ఆమె స్ట్రిక్నిన్ కొన్నప్పుడు, వెంట వచ్చి సాక్షిగా నిలబడింది టోపీలు అమ్మే ఒక షాపామె. ఆ సాక్షి సంతకం అవసరమైందంటే కారణం 1868 చట్టం. ఆ చట్టం వెనక బ్రాడ్‌ఫర్డ్ చావులున్నాయి. ఆ పుస్తకం ఎంత ప్రమాదకరమో ఆమెకూ తెలుసు, అందుకే శవ విచారణాధికారి పేరుతో దొంగ ఉత్తరం రాసి దాన్ని తెప్పించుకుంది. మొదట అనుమానించింది డాక్టరు, రాతపూర్వకంగా రుజువు నమోదు చేసింది మందుల షాపువాడు, మనిషిని గుర్తుపట్టింది టోపీల కొట్టు ఆవిడ. పోలీసులు ఆఖరి ముడి వేశారు. కొట్టు పరువు పోయిన మేనర్డ్ మాత్రం తన తప్పు లేకుండానే సరుకంతా పారబోసుకోవాల్సి వచ్చింది. నేటి నవలల్లో కథానాయిక రంగంలోకి దిగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే, తన సరుకు మీదే అనుమానం రావడం. మేనర్డ్‌కు దక్కని అవకాశాన్ని నవలలు హానా స్వెన్సన్‌కు ఇచ్చాయని నేననుకుంటాను.

ఇంకో ఆక్షేపణ మన వైపు నుంచి రావచ్చు. తినే వస్తువులో విషం పెట్టడం విక్టోరియా కాలానికి ప్రత్యేకమేం కాదు. భీముడికి దుర్యోధనుడు ప్రమాణకోటిలో విషాన్నం పెట్టించి గంగలో పడేయించిన కథ నన్నయ కాలం నుంచి తెలుగులోనే చదువుతున్నాం. నిజమే. అక్కడ విషం ఒక్కరి కోసం, పెట్టినవాడు ఎవరో తెలిసినవాడు, పగ కూడా అందరూ ఎరిగినదే. మిఠాయి కొట్టులోని విషానికి ఈ మూడూ లేవు. ఎవరు తింటారో పెట్టినవాడికే తెలియదు, ఎవరు పెట్టారో తిన్నవాడికి తెలియదు. ఊరంతా అనుమానితులే అయ్యే పరిస్థితి ఇక్కడే పుట్టింది, అపరాధ పరిశోధన కథకు కావలసింది అదే. ‘తీపి చేదును కప్పేస్తుంది, అందుకే రచయితలకు చాక్లెట్ అనుకూలం’ అన్న మాట కూడా పూర్తిగా నిలవదు. పాషాణానికి పెద్దగా రుచి ఉండదు, దానికి తీపి తోడు అక్కర్లేదు; స్ట్రిక్నిన్ చేదు చాక్లెట్‌లో కూడా దాగలేదని బియర్డ్ భార్య నోరే చెప్పింది. విషాన్ని నిజంగా కప్పింది రుచి కాదు, నమ్మకం. పిల్లలకిచ్చే వస్తువును, బహుమతిగా వచ్చిన వస్తువును ఎవరు శంకిస్తారు?

ఆ నమ్మకాన్ని కంపెనీలు సొమ్ము చేసుకున్నాయి. కల్తీ భయం నిండిన కాలంలోనే, 1866లో క్యాడ్‌బరీ తన కోకో పొడిని తెచ్చి అది పూర్తిగా స్వచ్ఛమైనదని ప్రకటనల్లో ఊదరగొట్టింది. రెండేళ్లకు బొమ్మలు వేసిన అందమైన చాక్లెట్ పెట్టెల్నీ తెచ్చింది. మూసిన పెట్టె, అచ్చువేసిన పేరు, తపాలా బిళ్ళ: తెలియని చేతికి ఇవి కొత్త ముసుగులయ్యాయి. 1898లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి డెలావేర్‌కు తపాలాలో చేరిన పాషాణపు చాక్లెట్ల పెట్టెలో ఒక చేతిరుమాలు, ప్రేమగా రాసిన చీటీ ఉన్నాయి. తిన్న అక్కచెల్లెళ్లిద్దరూ చనిపోయారు. ఆ చీటీ చేతిరాత, తమ ఇంటికి అంతకు ముందొచ్చిన ఆకాశరామన్న ఉత్తరాల చేతిరాత ఒకటేనని గుర్తించింది వాళ్ల తండ్రి జాన్ పెనింగ్టన్. దర్యాప్తు ఆ పెట్టె పంపిన కార్డీలియా బాట్కిన్ దగ్గరికి చేరడానికి ఆ గుర్తింపే మొదటి మెట్టు. 1922లో లండన్ పోలీసు కమిషనర్ విలియం హార్వుడ్‌కే పుట్టినరోజు సందర్భంలో పాషాణం కలిపిన చాక్లెట్లు చేరాయి. కూతురు పంపిందనుకుని తిని చావుదాకా వెళ్లి బతికాడు. నేర పరిశోధనకు అధిపతైన మనిషే పెట్టె మీది నమ్మకానికి లొంగితే, పోలీసులకు మాత్రమే తెలిసిన విద్య ఏదో ఇక్కడుందని ఎలా అంటాం?

నవలలు ఈ నేల మీదే మొలిచాయి. 1929లో ఆంథొనీ బర్క్‌లీ రాసిన ‘ద పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్’లో క్లబ్బుకు తపాలాలో వచ్చిన పెట్టె చేతులు మారి, వేరే ఇంటి ఇల్లాలి ప్రాణం తీస్తుంది. స్కాట్లండ్ యార్డు చేతులెత్తేస్తే, ఆరుగురు ఔత్సాహికులు వంతులవారీగా తమ తమ పరిష్కారాలు చెబుతారు. ఒకరి వాదనను మరొకరు కొట్టేస్తూ పోతుంటే, ఎవరూ లెక్కచేయని సిగ్గరి మనిషి వంతు ఆఖరున వస్తుంది. ఈ నవలను నేను ఎంతో గౌరవిస్తాను. ఔత్సాహికుణ్ణి ఆకాశానికెత్తకుండా, అతను ఎన్నిసార్లు తప్పుతాడో కూడా చూపించింది. 1939లో జాన్ డిక్సన్ కార్ రాసిన ‘ద బ్లాక్ స్పెక్టకిల్స్’కు బ్రైటన్ చాక్లెట్లే ప్రేరణ, పల్లెటూరి మిఠాయి కొట్టుతో సహా. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధంలో టార్కీ ఆస్పత్రి మందుల గదిలో పనిచేసి, 1917లో పరీక్ష పాసైన మనిషి. ఏ విషం ఎంత మోతాదులో ఏం చేస్తుందో తూకం వేసి నేర్చుకుంది. 1932 నాటి ‘పెరిల్ ఎట్ ఎండ్ హౌస్’లో చాక్లెట్ పెట్టెలో కొకెయిన్ పెట్టింది.

అదే క్రిస్టీ 1950లో ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’ రాసేనాటికి మిఠాయి స్థానం మారిపోయింది. ఇంగ్లండులో యుద్ధకాలపు రేషన్ ఇంకా నడుస్తోంది, మిఠాయిల మీద ఆంక్ష 1953లో గానీ తొలగలేదు. నవలలో వంటమనిషి మిట్సీ, దొరకని వెన్నా చాక్లెట్టూ ఎలాగో కూడగట్టి ఒక కేకు చేస్తుంది. దానికి ‘డెలిషియస్ డెత్’ అని ముద్దుపేరు. పాత నవలలు చదివిన పాఠకుడు విషం కేకులోనే ఉంటుందనుకుంటాడు. కేకులో ఏమీ లేదు, అందరూ తృప్తిగా తింటారు; చావు వచ్చేది ఆస్పిరిన్ సీసాలోంచి. ఆయుధంగా ఉన్న తీపి ఇక్కడ ఊరటగా మారింది. కోజీ నవలలు ఈ మలుపు నుంచే నడిచాయని నా అభిప్రాయం. 1982లో వర్జీనియా రిచ్, ఆ తర్వాత ఫ్లూక్ లాంటివాళ్లు నవలల్లోనే వంటకాల తయారీ విధానాలు అచ్చువేశారు. అది పుస్తకాలు అమ్ముకునే ఎత్తు అని కొందరంటారు. అమ్మకాలకు పనికొచ్చి ఉండవచ్చు, కానీ నీల్ బిళ్ళలతో పోల్చి చూస్తే అందులో ఇంకో అర్థం ఉంది. వెన్న ఇంత, చక్కెర ఇంత, ఉప్పు చిటికెడు అని ప్రతి పాలునూ పాఠకుడి ముందు పరిచే పేజీ, పాకంలో ఏం పడిందో కొనేవాడికి చెప్పని పాత మిఠాయి వ్యాపారానికి పూర్తిగా వ్యతిరేకం.

ఈ నవలల మీద నాకున్న అసలు అసంతృప్తి వేరే ఉంది. వాటిలో నేరానికి ఎప్పుడూ ఒక నేరస్థుడు ఉంటాడు. బ్రాడ్‌ఫర్డ్‌లో లేడు. అక్కడ అందరూ రోజూ చేసే పనే చేశారు. చక్కెరలో పొడి కలపడం ఆ రోజు కూడా మామూలు పనే. మిఠాయి చరిత్రలో ఎక్కువ ప్రాణాలు పోయింది క్రిస్టియానా ఎడ్మండ్స్ లాంటివాళ్ల చేతుల్లో కాదు, ఈ మామూలుతనంలో. మన దేశంలో 1954లో కల్తీ నిరోధక చట్టం, దాని స్థానంలో 2006లో ఆహార భద్రత చట్టం వచ్చాక కూడా, లడ్డూలకూ జిలేబీలకూ నిషిద్ధమైన మెటానిల్ యెల్లో రంగు కలుపుతున్నవాళ్లు దొరుకుతూనే ఉన్నారు. ఓషానెస్సీ పసుపు బిళ్ళల్లో చూసిన సీసపు రంగే ఇప్పటికీ కల్తీ పసుపులో బయటపడుతోంది. ఇందులో శవం ఉండదు, ఆకాశరామన్న ఉత్తరం ఉండదు. అయినా పోలీసు కాని మనిషికి ఇక్కడ చేయగలిగే పని ఉంది. ఇళ్లలో చేసుకోగల కల్తీ పరీక్షల్ని ఆహార భద్రత సంస్థే ప్రచురించింది. అనుమానం ఉన్న పసుపు రంగు సరుకును నీళ్లలో కలిపి, నాలుగు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం జాగ్రత్తగా వేస్తే, మెటానిల్ యెల్లో ఉన్నప్పుడు ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి.